జేజినాయన చేసిన రెండో చక్రం

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, కడప నుంచి సౌదీలోని తబూక్ వచ్చాం. నాన్న ఇక్కడ ఒక పెద్ద పొలంలో డ్రైవరు. ఆ చలికాలం మా జేజినాయన, అంటే నాన్న వాళ్ల నాన్న, విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు మాతో ఉన్నాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో వైర్‌లెస్ ఆపరేటరు. శత్రువుల సందేశాలు విని రాసుకోవడమే పని. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదట. వాళ్ల దగ్గర టైపు మిషను లాంటి పెట్టె ఉండేదని, లోపలి చక్రాలు తిరిగి ఒక అక్షరాన్ని మరో అక్షరంగా మార్చేవని ఎన్నో ఏళ్లకు రేడియోలో విన్నాడు.

ఆ కథ వినగానే నేను ఖర్జూరాల పెట్టె అట్టతో రెండు గుండ్రాలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి గుచ్చి, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు రాసుకున్నాను. రోజుకొక అక్షరం చొప్పున జరుపుతూ, ఆ మారు అక్షరాల్లో తెలుగు మాటలతోనే డైరీ రాశాను. పది రోజులయ్యాక, ఎవరూ చదవలేరన్న ధీమాతో తెచ్చి ఆయన ముందు పెట్టాను.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ కాకముందే నన్ను పిలిచాడు.

"పాపా, ఆ యుద్ధంలో వాళ్లూ నీ మాదిరే అనుకున్యారు. కానీ రోజూ పొద్దున్నే ఒకే మాట పంపుతా వచ్చినారు. దాన్ని పట్టుకోనే మనోళ్లు విప్పేసినారు. నువ్వూ రోజూ ఒకే లైనుతో మొదులు పెడతాండావు. అందులో ఒక అక్షరం నాలుగు తూర్లు వస్తాది. అది 'ఎ' అనుకోని తిప్పితే అంతా వచ్చేసింది."

ఆ లైను ఆయన పైకి చదవలేదు. 'ఎవరూ మాట్లాడలేదు.' అదీ నేను రాసింది.

ఇంట్లో మాత్రం బళ్లో బోలెడుమంది స్నేహితులని కోతలు కోసేదాన్ని. అది ఇండియన్ స్కూలు, మా ఇంట్లోనేమో తెలుగే. నాకు హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలిస్తే నన్ను ఒక్కదాన్నే కడపకు పంపేస్తారని భయం.

"నాయనకు చెప్పాకు జేజినాయనా," అంటూ ఏడ్చేశాను.

ఆయన మిగిలిన అట్ట తీసి, రెండు గుండ్రాలు కత్తిరించి, నాదాని లాంటిదే ఇంకో చక్రం చేశాడు.

"ఇట్లాంటిది ఒకటే ఉంటే ఏం లాభం? అవతల ఇంకోటి ఉండల్ల. నీ పక్కన కూసునే పాపకు ఇయ్యి."

మర్నాడు బళ్లో నా పక్కన కూర్చునే, మలయాళం మాట్లాడే మలబారు పిల్లకిచ్చి, ఎలా తిప్పాలో చేత్తోనే చూపించాను. మధ్యాహ్నానికి ఆ పిల్ల ఒక చీటీ నా వైపు జరిపింది. చక్రంతో విప్పి చూస్తే, ఇంగ్లీషులో నీ పేరేమిటని ఉంది. అన్నాళ్లూ పక్కనే కూర్చున్నా అడగని మాట.

జేజినాయన నా డైరీ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇదే తబూక్‌లో నేను టీచర్ని. ఎవరైనా ఒకే మాట మళ్లీ మళ్లీ అంటుంటే దాన్ని దాటి పోలేను. ఈమధ్య కొత్తగా చేరిన ఒక పిల్ల వారం రోజులుగా మధ్యాహ్నం పూట "ఆకలి లేదు టీచర్" అంటోంది. ఇవాళ నా టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.