కుచ్చిళ్లు పట్టిన చేతులు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కరీంనగర్‌లో ఒక ల్యాబులో రోజూ రక్తం తీసే పని నాది. మనిషి పోతే పోయినట్టే, తిరిగొచ్చేది ఏమీ ఉండదని ఎవరితోనైనా వాదించేదాన్ని. ఇప్పుడు మానేశాను. నమ్మానని కాదు, నోరు రావడం లేదు.

రజిత నా చిన్ననాటి స్నేహితురాలు. మా గల్లీలోనే వాళ్ల అవ్వతో ఉండేది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు మస్కట్‌లో పని చేస్తాడు. అప్పుడప్పుడు ఆదివారం సాయంత్రం నేను, రజిత, మా ఇంకో స్నేహితురాలు మమత కలిసి డ్యామ్ కట్ట మీదికి వెళ్లి బజ్జీలు తినొచ్చేవాళ్లం. బజ్జీలకు చీరలెందుకని మమత ఏడిపించేది. రజిత వింటేగా! వారమంతా ఉరుకులాటే, ఒక్క పూటైనా మంచిగా తయారవుదామనేది.

చీర కట్టుకునేటప్పుడు కింద కూర్చుని కుచ్చిళ్లు సర్దడానికి ఇంకో మనిషి కావాలి. మాలో ఆ పని రజితదే. తను తయారయ్యాక తలుపు కొట్టకుండానే మా ఇంట్లోకి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేది.

ఆ ఆదివారం కూడా తలుపు దగ్గరగా వేసి ఉంచాను. ఇంట్లో ఎవరూ లేరు. కొత్త నూలు చీర. కుచ్చిళ్లు దోపుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మమతతో మాట్లాడుతున్నాను. కింద ఎవరో ఒక్కో మడతా పట్టి లాగుతున్నారు. రజిత వచ్చిందనుకున్నాను. పాదాలకు తగిలిన వేళ్లు తడిగా, చల్లగా ఉన్నాయి.

"చేతులు తుడ్సుకోవే, కొత్త చీర ఖరాబైతది" అని కసిరాను. అద్దంలో పైట చూసుకుంటూ కిందికి చూడలేదు.

రజిత వచ్చిందా అని ఫోనులో మమత అడిగింది, వచ్చిందన్నాను. తర్వాత చూస్తే గదిలో ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. అంతలోనే గల్లీలో అరుపులు వినిపించాయి.

రజిత స్నానానికి బకెట్లో హీటర్ పెట్టింది. స్విచ్ ఆపకుండానే నీళ్లు కాగాయో లేదో అని చెయ్యి ముంచి చూసింది. మా ఇళ్లలో అందరం చేసే పనే. లోపల గడియ పెట్టి ఉంది. నేను ఫోను మాట్లాడుతున్నప్పటికే వాళ్ల అవ్వ ఆ తలుపు బాదుతోందట. తలుపు పగలగొట్టేసరికి ప్రాణం పోయింది.

మర్నాడు రజితకు స్నానం చేయించాక వాళ్ల అవ్వ చీర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టు బిడ్డా. బాపు ఫోన్ల చూస్తడు, మంచిగ కనవడాలె."

ఏడుస్తూనే కట్టాను. కాళ్ల దగ్గర ఆ తల్లే కూర్చుని కుచ్చిళ్లు సర్దింది.

నా చీర అంచు మీద తడి వేళ్ల గుర్తులను ఆ ఆదివారం సాయంత్రమే మమత కూడా చూసింది. నీ చేతి తడే అయి ఉంటుందంటాడు మా అన్న. అయి ఉండొచ్చు. కానీ నావి అప్పుడే పౌడరు రాసుకున్న చేతులు. ఎంత ఆలోచించినా నాకు తేలలేదు, ఇక తేలదు కూడా.

వచ్చింది రజితే అయితే, ఆ ఘడియలో కన్నతల్లి దగ్గరికి కూడా పోకుండా నా దగ్గరికి వచ్చింది. నేను కసిరాను. తల వంచి ఒక్కసారి చూడనైనా చూడలేదు.