కరుణమ్మ ఆంటీ కణాలు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు టాలట్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నోటి లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కలోని కణాలను పెంచి, వాటి పక్కన రోగనిరోధక కణాలను వదిలి, అవి పొరను కాపాడతాయో కొరుకుతాయో చూసేవాళ్లం. మా తెలుగు చర్చిలో కరుణమ్మ ఆంటీకి నోట్లో ఎంతకీ మానని పుండ్లు. ఆవిడ కేరర్. రోజంతా ముసలివాళ్లకు తినిపించేవారు, తను మాత్రం పచ్చడి ముట్టలేకపోయేవారు. నేను చెప్పగానే అంగీకార పత్రం మీద సంతకం పెట్టి ముక్క ఇచ్చారు.

నోట్లోంచి తీసిన ముక్కకు క్రిములు అంటుకుని ఉంటాయి. మందు నీళ్లలో మూడుసార్లు కడగాలి. ఇంటికెళ్లే లువాస్ ట్రామ్ తప్పిపోతుందని ఒక్కసారే కడిగాను. నాలుగో రోజుకు బూజు పట్టింది. అంతా పారేశాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

"నా సెల్స్ ఎట్టా ఉన్నాయే అమ్మాయ్?"

"గ్రాండ్‌గా ఉన్నాయి ఆంటీ. బాగా పెరుగుతున్నాయి."

"దేవుడికి స్తోత్రం! వాటి కోసం కూడా ప్రార్థన చేస్తన్నాలే."

ఎందుకలా అన్నాను? సిగ్గా? నిజం చెబితే నవ్వేసి ఇంకో ముక్క ఇచ్చేవారు. అంత మంచి మనిషి.

ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు. నా మాటే ఆవిడకు డాక్టరు రిపోర్టయింది. అక్కడ కణాలు బాగుంటే ఇక్కడ నోరూ బాగున్నట్టేనని, డ్యూటీ మానలేక ఆస్పత్రి చెకప్‌కు రెండుసార్లు వెళ్లలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఇప్పుడు నోరు విప్పితే ఇన్నాళ్లూ చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుందన్న భయంతో, వచ్చే వారం చెబుదాంలే అనుకుంటూ ఊరుకున్నాను. చివరికి వెళ్లేసరికి పుండు క్యాన్సరై మెడ దాకా పాకింది.

ముందే వెళ్లుంటే బతికేవారా? డాక్టర్లు చెప్పలేమన్నారు. నేను మాత్రం రోజూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

సమాధి దగ్గర ఆవిడ కూతురు, ఇక్కడే పెరిగిన పిల్ల, వచ్చీరాని తెలుగులో అడిగింది, మమ్మీ సెల్స్ ఇంకా మీ దగ్గర అలైవ్‌గా ఉన్నాయా అక్కా అని. తలూపాను. ఏటా వాళ్లమ్మ పుట్టినరోజున మెసేజ్ పెడుతుంది, వాటిని ఒకసారి చూసి రమ్మని.

లేవు తల్లీ. నాలుగో రోజే చచ్చిపోయాయి. నా చేతుల్లోనే.

ఈ మాట ఆ పిల్లకు ఇంకా రాయలేదు. ముందు మీకు రాశాను.