వెనక సందు బొమ్మ

ఆమెను అందరూ నంబర్లక్క అనేవారు. బళ్లకు నంబరు పలకలు రాసేది కనుక ఆ పేరు వచ్చింది. వయసులో ఆమె కంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు, ఆమె అలాగే పలికేది. బళ్లు రిజిస్టరు చేసే ఆఫీసు ఎదురుగా, టైర్ల షాపు పక్కన, గోడకు ఆనించి వేసిన రేకు కింద ఆమె పని. మొదట్లో అది భర్త పని. ఆయన చూపు తగ్గి, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియకుండా పోయాక కుంచె ఆమె అందుకుంది. ఆయన పోయాక కూడా ఆ రేకు కింద నుంచి కదల్లేదు.

తర్వాత కంప్యూటరుతో కత్తిరించే రేడియం స్టిక్కర్లు వచ్చాయి. బళ్ల వాళ్లు అటు వెళ్లిపోయారు. ఆటోల వాళ్లూ, పాత స్కూటర్ల వాళ్లూ కొందరు మాత్రం మిగిలారు. మధ్యాహ్నాలు చేతినిండా ఖాళీ. డబ్బాల అడుగున ఎనామిల్ పెయింటు ఉంది. టైర్ల షాపుకు వచ్చే పెట్టెల ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయి. ఆమె ఎదురుగా కనిపించింది వేయడం మొదలుపెట్టింది. టైరు ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతుక్కునే టైర్లతను. హెల్మెట్ చంకలో పెట్టుకుని నడిచే ఆఫీసు గుమాస్తా. ఎందుకు వేస్తున్నావని ఎవరైనా అడిగితే, "ఊరికే కూర్చుంటే నిద్రొస్తోంది. నేను పడుకుంటే పెయింటు గడ్డకడుతోంది" అనేది.

బొమ్మలు వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. అంకెలు రాసిన చేయి కాబట్టి గీసిన గీతను చెరిపేది కాదు. ఉన్నదాన్ని వదిలేదీ కాదు. నంబరులో ఒక్క అంకె వదిలేస్తే ఆ బండి ఇంకొకరిది అయిపోతుంది మరి. అందుకే ఆమె బొమ్మల్లో వేలాడే కరెంటు వైర్లు, చిరిగిన పోస్టర్లు, గోడల మీద మరకలు అన్నీ ఉండేవి.

ఆమె చిన్నాన్న కొడుక్కి దగ్గరలోనే ఒక హోటల్ ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా అద్దాల తలుపులతో కొత్త హోటల్ వచ్చింది. లోపల గోడల నిండా మంచుకొండలు, పెద్ద పెద్ద వంతెనలు. అన్నీ అచ్చువేసినవే. తమ్ముడి చూపు మాటిమాటికీ ఆ తలుపుల మీదికే పోయేది. ఒకరోజు అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నీ బొమ్మలు కొన్ని ఇయ్యవూ? మా గోడలు బోసిగా ఉన్నాయి."

"ఎదురు హోటల్లో మంచుకొండలు పెట్టారట కదా. నువ్వూ అవే పెట్టుకో."

"అవే పెడితే వాళ్లని చూసి వాత పెట్టుకున్నానంటారు."

"నావి పెడితే?"

"అక్క మీద జాలితో పెట్టానంటారు. అదైతే ఫర్వాలేదు."

ఆమె నవ్వి, బొమ్మల దుమ్ము దులిపి ఇచ్చింది.

తింటున్న వాళ్లు తలెత్తి చూశారు. గుమాస్తాను గుర్తుపట్టి నవ్వారు. టైర్లతను తన బావమరుదుల్ని వెంటబెట్టుకుని వచ్చి, తన బొమ్మ కింది బల్ల ఖాళీ అయ్యేదాకా వాళ్లనింకెక్కడా కూర్చోనివ్వలేదు. కొన్నాళ్లకు పక్క వీధిలోని రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన మేడ మీది నుంచి చూసి గీసిన వీధి బొమ్మలు తెచ్చాడు. ఒక టైలరు పాత గుడ్డముక్కలతో కుట్టిన పిట్టల్ని తెచ్చాడు. తమ్ముడు ఎవరికీ కాదనలేదు. "తగిలిస్తాను గానీ నూనె పొగ పడుతుంది, తర్వాత నన్ననొద్దు" అని ముందే చెప్పేవాడు. జనం దాన్ని బొమ్మల హోటల్ అనసాగారు. అసలు పేరు బోర్డు మీద మాత్రం మిగిలింది.

నంబర్లక్క అక్కడికి ఎప్పుడూ వెనక సందు గుండానే వెళ్లేది. వంటింటి మెట్టు మీద కూర్చుంటే తమ్ముడు టీ పంపేవాడు. ఎదురుగా కుళాయి. దాని మూతికి కారకుండా చుట్టిన గుడ్డ. కుప్పగా గిన్నెలు. వాటి ముందు గొంతుక్కూర్చుని, పాదాలు నీళ్లలో నానుతుండగా తోముతున్న ఆవిడ. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని సిగరెట్ కాల్చుకుంటున్న వంటమాస్టర్. వాళ్ల మధ్య నుంచి పారే మురుగు. నంబర్లక్క చాలాసార్లు అక్కడ టీ తాగింది. తర్వాత ఒక పాత తలుపు చెక్క సంపాదించి, ఆ సందంతా దాని మీదికి ఎక్కించింది. ఆమె అప్పటిదాకా వేసిన వాటిలో అదే పెద్దది. అంత బాగా మరొకటి కుదరలేదని ఆమెకే తెలుసు.

తమ్ముడు హడావుడిలో ఉన్నాడు. రంగులు బాగున్నాయనుకుని, లోపలికి రాగానే కనబడేలా తగిలించాడు.

ముందు వంటమాస్టర్ పని పట్టింది ఆ బొమ్మ. ఆయన భార్య ఏదో పని మీద వచ్చి, దాని ముందు నిలబడి, వంటింట్లోంచి మొగుణ్ని పిలిపించింది.

"సిగరెట్లు మానేశానన్నావుగా?"

"అది నేను కాదే."

"ఆ బొజ్జ నీది కాదూ?"

హోటల్ అంతా నవ్వింది. తర్వాత ఒక పెద్దమనిషి చేయి కడుక్కుంటూ, "ఏవండీ, మా కంచాలు తోమేది అక్కడేనా?" అని అడిగాడు. తమ్ముడు నీళ్లు నమిలి, "అబ్బే, అది పాతకాలం నాటి బొమ్మండీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గిన్నెల చప్పుడు వచ్చింది. మర్నాడు మేస్త్రిని పిలిపించి, నిలబడి తోముకోవడానికి వీలుగా సందులో సిమెంటు గట్టు కట్టించాడు. మురుగు మీద బండలు పరిపించాడు. బొమ్మ మాత్రం తీయలేదు. దాన్ని చూడడానికే వస్తున్నవాళ్లు ఉన్నారు.

గిన్నెలు తోమే ఆవిడకు ఆ బొమ్మ సంగతి తెలియదు. ఆమె ఏనాడూ ముందు హాల్లోకి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆమెకు ఒక్కతే కూతురు, దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అమ్మ ఏంచేస్తుందని ఎవరైనా అడిగితే, హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చుంటుందని చెప్పేది ఆ పిల్ల. తల్లి చెప్పింది అదే మరి.

సెలవులకు వస్తూ ఆ పిల్ల ఇద్దరు స్నేహితురాళ్లను వెంట తెచ్చింది. అమ్మకు చెప్పకుండా హోటలుకు వెళ్లి ఆశ్చర్యపరచాలనుకుంది. కౌంటర్ దగ్గర ఎవరో మగమనిషి ఉన్నాడు. అమ్మ భోజనానికి వెళ్లిందేమో అనుకుని ముగ్గురూ ఒక బల్ల చూసుకుని కూర్చున్నారు. స్నేహితురాలు గోడ వైపు చూసి, "ఈవిడెవరో గానీ పాపం, నడుం విరిగిపోయేలా ఉంది" అంది. పిల్ల తల తిప్పి చూసింది. వీపు వంపు చూసింది. చెవి వెనకాల మచ్చ చూసింది. తర్వాత తెప్పించుకున్నదంతా తినేసి, ఎవరినీ ఏమీ అడక్కుండా బయటికి నడిచింది.

సాయంత్రం తల్లి ఇల్లు చేరాక, "హోటల్లో గోడ మీద నీ బొమ్మ చూశానమ్మా. నీ పనేంటి?" అని అడిగింది. తల్లి పొయ్యి వెలిగించడానికి లేచింది. పిల్ల మళ్లీ అడగలేదు.

మర్నాడు ఆవిడ జనం లేని వేళ చూసి ముందు తలుపు గుండా లోపలికి వచ్చింది. బొమ్మ ముందు నిలబడింది.  అక్కణ్నించి తిన్నగా నంబర్లక్క రేకు కిందికి వెళ్లింది.

"నన్ను వేశావంట కదక్కా."

"ఆఁ, వేశాను. చూశావా? ఎలా ఉంది?"

"నేనే. మడమల పగుళ్లు కూడా నావే."

నంబర్లక్క దాన్ని మెప్పు అనుకుని సంబరపడింది. కూర్చోమని స్టూలు జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

"నన్నడిగావా?"

"ఏమని?"

"నిన్ను వెయ్యనా అని. బండివాడొచ్చి అడిగితేనే గదా నంబరు రాస్తావు. నేనొచ్చి అడిగానా?"

"అందర్నీ వేశాను. టైర్లతన్ని వేశాను, గుమాస్తాని వేశాను. ఎవరూ ఏమీ అనలేదే."

"టైర్లతను తన షాపులో తను కూర్చున్నాడు. అతనికేం!" ఆవిడ స్టూలు పక్కకి జరిపింది. "మా అమ్మాయికి కౌంటర్ దగ్గర కూర్చుంటానని చెప్పుకున్నాను. అబద్ధమే, కాదన్ను. కానీ అది నా అబద్ధం. నేనెప్పుడు చెప్పుకోవాలనుకుంటే అప్పుడు చెప్పుకునేదాన్ని. నువ్వు దానికి మేకు కొట్టి గోడకి తగిలించావు."

నంబర్లక్క లేచింది. కుంచెను డబ్బాలో పడేసి, రేకు కింద పని కట్టేసి, ఆవిడతో పాటు హోటలుకు నడిచింది. స్టూలు ఎక్కి తనే బొమ్మ దించింది. తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"అక్కా, ఇప్పుడు దించడమేంటి? సందు బాగుచేయించాను కూడా! కావాలంటే పక్కనే కొత్త సందు వేసి పెట్టు."

"సందు గొడవ కాదురా ఇది."

"మరి దేని గొడవ?"

ఆమె ఆవిడ వైపు చూసింది. తమ్ముడూ చూశాడు. అర్థమైందో, సగమే అర్థమైందో, స్టూలు తీసి పక్కన పెట్టాడు.

"దీన్ని ఏం చెయ్యమంటావు?" అని నంబర్లక్క అడిగింది.

"నా ముందు చెరిపెయ్యి."

ఎండిన ఎనామిల్ చెరగదు. రేకు కిందికి తీసుకెళ్లి పెద్ద కుంచెతో పైనుంచి బూడిదరంగు పూసింది. పూస్తున్నంతసేపూ ఆవిడ పక్కనే నిలబడి చూసింది. ముందు గిన్నెలు పోయాయి, తర్వాత ఆవిడ, చివరికి కుళాయి. వంటమాస్టర్ సంగతి తెలిసి, "నన్నొక్కణ్ని ఉంచాల్సింది, ఎలాగూ ఇంట్లో తిట్లు తినేశాను కదా" అన్నాడట. నంబర్లక్క ఆ రోజు రాత్రి అన్నం సరిగా తినలేదని పక్కింటివాళ్లు చెప్పారు. 

రంగు ఆరాక ఆవిడ మళ్లీ వచ్చింది.

"ఇప్పుడు వెయ్యి."

"ఏది?"

"నన్ను. హాల్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నట్టు."

"నిన్నలా ఎప్పుడూ చూడలేదే."

"చూద్దువుగాని. కూర్చుంటాను."

తమ్ముడు తల గోక్కున్నాడు. సర్వర్లు ఏమనుకుంటారో అన్నాడు, బేరాల వేళ కుదరదన్నాడు, ఆఖరికి మధ్యాహ్నం జనం పలచబడ్డాక కిటికీ పక్క బల్ల ఇచ్చాడు. ఆవిడ మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూర్చుంది. చేతులు బల్ల కింద పెట్టుకుంది. తీసి పైన పెట్టింది. మళ్లీ కిందికి దించింది.

"ఈ చేతుల్నేం చెయ్యమంటావక్కా?"

"ఏదైనా పట్టుకో."

ఎదురుగా ఉన్న గాజు గ్లాసు అందుకుంది. అందుకోగానే దాన్ని వెలుతురుకి ఎత్తి, అంచు చూసి, అక్కడేదో మరక కనబడితే గోటితో గీకసాగింది. కనుబొమలు ముడిపడ్డాయి. నడుం నిటారుగా లేచింది. నంబర్లక్క కుంచె గాలిలో ఆగిపోయింది. వేస్తే ఇదే వేయాలి అనుకుంది.

"ఇలాగే వెయ్యనా?" అని అడిగింది.

ఆవిడ గోరు ఆపి, గ్లాసు వైపు, తన చేతి వైపు చూసుకుంది. "వద్దు. కింద పెట్టేస్తాను."

కింద పెట్టాకే వేసింది.

ఇంతలో సర్వరు టీ తెచ్చాడు. ఆవిడకు వడ్డించడం అతనికి అదే మొదలు. ఎదురుగా పెట్టాలో పక్కన పెట్టాలో తెలియక చుట్టూ తిరిగాడు. "సాసరు తడిగా ఉంది నాయనా, తుడిచి తీసుకురా" అంది ఆవిడ. అతను పరుగెత్తాడు. కౌంటర్ దగ్గర తమ్ముడు నవ్వాపుకోలేక లేచి బయటికి వెళ్లాడు.

తర్వాతి సెలవుల్లో ఆవిడ కూతుర్ని చేయి పట్టుకుని ముందు తలుపు గుండానే తీసుకొచ్చింది. ఇద్దరూ గోడకు తగిలించిన ఆ కొత్త బొమ్మ ఎదురుగా కూర్చున్నారు. పిల్ల చాలాసేపు చూసింది.

"కౌంటర్ దగ్గర కూర్చున్నట్టే వేయించుకోవచ్చుగా అమ్మా. బొమ్మేగా."

"కౌంటర్ దగ్గర నేనెప్పుడు కూర్చున్నాను? ఇక్కడైతే నిజంగానే కూర్చున్నాను."

పిల్ల తలూపింది. స్నేహితురాళ్లకు తర్వాత ఏం చెప్పుకుందో ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం ఆ మర్నాడు మామూలుగానే సందులో గట్టు దగ్గర నిలబడి గిన్నెలు తోమింది.

ఆనాటి నుంచి నంబర్లక్క అడక్కుండా ఎవరినీ వేయలేదు. దాంతో బొమ్మలు పాడయ్యాయి. ఈ మాట అన్నది ఆమే. అడిగితే చాలు, జనం ఇంటికెళ్లి తల దువ్వుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చేవారు. గుమాస్తా అయితే ఆ ఒక్క పూటకు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

"అందరూ ఫొటో స్టూడియోకి వచ్చినట్టున్నార్రా" అని తమ్ముడితో చెప్పుకుంది.

"మరైతే అడక్కుండా వేసెయ్యి."

"వెయ్యను."

కొందరు వద్దనేవారు. అలాంటి రోజు కుంచె తడపకుండానే ఇంటికి వెళ్లేది. ఒప్పుకున్నవాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టడం నేర్చుకుంది. ఒకటికి రెండుసార్లు రమ్మనేది. కూర్చుని కూర్చుని వాళ్లు బొమ్మ సంగతి మరిచిపోయి, ముక్కు గోక్కుంటూ, కిటికీలోంచి చూస్తూ, తమలాగా తాము అయ్యేవారు. అప్పుడు ఆపి, "ఇలా వెయ్యొచ్చా?" అనేది. సగం మంది ఉలిక్కిపడి మళ్లీ బిగుసుకునేవారు.

ఒకసారి ఆసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సు ఒకామె బొమ్మకని కూర్చుని, హోటల్ బల్ల మీదే తలవాల్చి నిద్రపోయింది. నంబర్లక్క లేపలేదు. కుంచె కూడా ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని, ఆమె తనంతట తను లేచేదాకా ఎదురుగా కూర్చుంది.

"నిద్రపోతున్నట్టు వెయ్యనా అమ్మా?"

నర్సు కళ్లు నులుముకుని ఆలోచించింది. "నోరు తెరిచి పడుకున్నానా?"

"కొంచెం."

"వెయ్యండి. కానీ నోరు మూసి వెయ్యండి."

మూసే వేసింది.