తొమ్మిదికి తొమ్మిది

మా మావయ్య ఫొటోలకి ఫ్రేములు కడతాడు. కానీ మా వీధిలో ఆయన్ని ఫ్రేముల షాపాయన అని ఎవరూ అనరు, జోస్యుడు అంటారు. చేతులు చూడటం, జాతకాలు చెప్పడం లాంటివేమీ లేవు. టీవీలో వచ్చే రెజ్లింగ్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం ఆయన విద్య. ఏడాదికోసారి జరిగే పెద్ద పోటీ ఇంకో వారం ఉందనగానే ఆయనకి తిండి సయించదు. మా ఫొటో ఎప్పుడిస్తావని ఎవరైనా అడిగితే, ఎర్రముసుగు వాడి మోకాలు ఇంకా నయం కాలేదని చెప్పి పంపిస్తాడు.

"అదంతా ముందే రాసిపెట్టుకున్న ఆట కదా మావయ్యా" అని చిన్నప్పుడు ఒకసారి తెలివి ప్రదర్శించాను.

"అందుకే కదే కష్టం. నిజం కుస్తీ అయితే బలం చూస్తే చాలు. ఇక్కడ రాసినవాడి మనసు పట్టుకోవాలి" అన్నాడు.

ఆయన కుర్చీ వెనక గోడకి ఒక ఫ్రేము ఉండేది. లోపల పోస్టుకార్డంత అట్టముక్క. దాని మీద తొమ్మిది పోటీలు, తొమ్మిది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎర్రసిరాతో టిక్కు. నలభై రెండేళ్ళ కిందట, కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆయన తొమ్మిదికి తొమ్మిదీ సరిగ్గా చెప్పిన చీటీ అది. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పందే అద్దం కోసేవాడు కాదు.

ఆ రోజుల్లో ఈ పిచ్చి మా అమ్మకీ ఉండేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ టీవీల షాపు అద్దానికి ముక్కులు ఆనించి చూసినవాళ్ళే. ఏటా పెద్ద పోటీకి ముందురోజు చెరో చీటీ రాసి, డబ్బాలో వేసి, చదువు రాని అమ్మమ్మ చేతికిచ్చేవాళ్ళు. పోటీ అయ్యాకే మూత తీయాలి. ఆ ఏడాది అమ్మ చీటీ వేసి, ఆ సాయంత్రమే నర్సు ట్రైనింగుకి బస్సెక్కింది. మర్నాడు పొద్దున జరిగిన ఆఖరి పోటీలో, ఓడిపోయి రిటైరవుతాడని అందరూ అనుకున్న ముసలిపులి గెలిచాడు.

అది ముందే చెప్పింది మావయ్య ఒక్కడే. టీవీల షాపాయన ఆ చీటీని అద్దానికి అంటించాడు. పోటీ అయ్యేదాకా డబ్బా తన దగ్గరే ఉందని అమ్మమ్మ వీధంతా సాక్ష్యం చెప్పింది. చిన్న పేపరొకటి మావయ్య ఫొటో వేసి, మూడేళ్ళపాటు వారం వారం జోస్యం రాయించుకుంది. వాటిలో సగానికి సగం తప్పాయి. అయినా ఆ తొమ్మిదీ ఆయన్ని కాపాడాయి.

అమ్మకి మాత్రం "నీవి నాలుగే కరెక్టు" అని ఉత్తరం రాశాడు.

అమ్మ మళ్ళీ చీటీ రాయలేదు. "నాకు అంచనాలు రావులే" అనేది. మొదట రెజ్లింగ్ గురించి, రానురాను అన్నిటి గురించీ. ఏం చేయాలన్నా మావయ్యకి ఫోన్. ఒకసారి ఎర్ర ఫ్రిజ్ మీద మనసుపడి కూడా, తెల్లది తీసుకోమని మావయ్య అన్నాడని తెల్లదే తెచ్చింది. నాకు ఒళ్ళు మండేది.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకి వేరే ఊళ్ళో హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని షాపుకి వెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. మావయ్య చెక్క కోస్తూ, తలెత్తకుండానే "అది నీ వల్ల కాదమ్మా" అన్నాడు. అమ్మ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇక్కడి ఆసుపత్రిలోనే, తను పని నేర్పిన పిల్లల కింద పనిచేసి రిటైరైంది.

ఈ ఏడాది చూపు ఆనక మావయ్య షాపు మూసేస్తున్నాడు. "ఆ ఫ్రేము నాకివ్వు అన్నయ్యా. అద్దం మసకబారింది, మార్చి ఇవ్వు. మా ముందుగదిలో పెట్టుకుంటా" అని అమ్మ వారం ముందే చెప్పింది. సామాన్లు సర్దడానికి మేం వెళ్ళేసరికి ఫ్రేము బల్ల మీద బోర్లించి ఉంది. అద్దం మార్చలేదు. మర్నాడే పెద్ద పోటీ, అయినా మావయ్య ఆ ఊసే ఎత్తలేదు.

"నువ్వే విప్పమ్మా" అని పట్టుకారు అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ మేకులు ఒక్కొక్కటే లాగి, వెనక అట్ట తీసింది. దాని కింద ఇంకో చీటీ ఉంది. పచ్చబడిపోయింది. రాత అమ్మది. నేను రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి పేరు పేరూ చూశాను. అవే తొమ్మిది. అమ్మ చీటీలో ముసలిపులి పక్కన చిన్నక్షరాలతో ఇంకో మాట ఉంది: "వీడు ఓడిపోవడానికి రాలేదు."

"నావి ఐదే వచ్చాయి" అన్నాడు మావయ్య. "డబ్బా మూత తీశాక నాది చింపేసి, నీది చూసి కొత్త అట్ట మీద ఎక్కించుకున్నాను. నీ చీటీ చింపడానికి మాత్రం చేతులు రాలేదు. ఫ్రేము కట్టినప్పుడు వెనక పెట్టేశాను. ఈ వారం అంతా తీసి పారేద్దామనే చూశానమ్మా. నా వల్ల కాలేదు."

అమ్మ ఏడవలేదు. ఆ చీటీ మీది దుమ్ము చీరచెంగుతో తుడిచింది.

"ఆ ఉద్యోగానికి వెళ్ళాలనే అనిపించింది నాకు" అంది.

"తెలుసు. నీ మొహంలోనే కనిపించింది."

"మరి?"

"నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారు అనిపించింది. ఏదైనా నువ్వు నన్నే అడుగుతుంటే బాగుండేది."

నాకు పట్టరాని కోపం వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు. కానీ ఆయన చూపు ఆనక బల్ల మీది మేకుల కోసం తడుముకుంటుంటే జాలి కూడా వేసింది. రెంటిలో దేన్నీ బయటపెట్టలేక మేకులు ఏరి డబ్బాలో వేశాను.

మావయ్య తెల్ల అట్టముక్క ఒకటి కోసి, పెన్నుతో పాటు అమ్మ ముందుకు జరిపాడు. "రేపటివి రాయమ్మా. ఈసారి నీ పేరు మీదే." ఈ ఏడాది ఎనిమిది పోటీలు. అమ్మ నిలబడే గబగబా రాసింది. ఆయన ఆనాటి చీటీల డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. అమ్మ తన పాత చీటీనీ, ఈ కొత్తదాన్నీ సంచిలో పెట్టుకుంది.

"ఇందులో వేయవా?"

"నా దగ్గరే ఉండనీ."

మర్నాడు పోటీ అయిన మరుక్షణం ఫోన్ మోగింది. "ఎన్నొచ్చాయమ్మా?"

"చూసుకున్నాను అన్నయ్యా" అంది అమ్మ. ఎన్నో చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఎనిమిదింట్లో మూడే. తప్పిన ఐదింటినీ చూసుకుని అమ్మ హాయిగా నవ్వింది. తన తప్పులు తను చేసుకుని ఎన్నాళ్ళయిందో.

ఆ తర్వాతి నెల ఇంట్లో ఫ్రిజ్ పాడైంది. అమ్మ వెళ్ళి కొత్తది కొంది. అది వంటింట్లోకి చేరాక, స్పీకర్ పెట్టి మావయ్యకి ఫోన్ చేసి చెప్పింది.

"ఏ రంగుది?"

"ఎర్రది."

మావయ్య ఏదో అనబోయి ఆగాడు. "బాగుంటుందమ్మా" అన్నాడు. తర్వాత కూడా ఫోన్ పెట్టేయలేదు. ఇంకేమైనా అడుగుతుందేమోనని అలాగే పట్టుకుని ఉన్నాడు. అమ్మ ఏమీ అడగలేదు.