సున్నం రాసిన ఎనిమిది నెలలు

మా ఆయన రాజమాణిక్యం తిరుత్తణి కొండ కింద కావడులు కట్టి ఇస్తాడు. ఆడికృత్తిక పండక్కి కావడి భుజాన మోసి కొండెక్కి మొక్కు తీర్చుకునేవాళ్లు చిత్తూరు నుంచి కూడా వచ్చి ఆయన చేతి కావడే కావాలంటారు. వంచిన కర్రకు పూలు చుట్టి, నెమలి ఈకలు గుచ్చి, రెండు పక్కలా బరువు సరిపోయిందో లేదో తన భుజం మీదే పెట్టుకుని చూస్తాడు. పొద్దున కూర్చుంటే అన్నానికి తప్ప లేవడు. నలభై ఏళ్లు ఆ తీరే చూశాను.

అలాంటి మనిషి నిరుడు పావుగంటకొకసారి లేవడం మొదలుపెట్టాడు. వెళ్లినా పని జరిగేది కాదు. చుక్కలు చుక్కలుగా వచ్చి నిలిచిపోయేది.

పక్క కొట్టు ద్వారకనాథ్ నవ్వాడు. "ఏం మామా, కావడి కట్టేదానికంటే దొడ్లోకి పొయ్యేదే ఎక్కువైపాయ."

"నీకూ అరవై దాటనీరా, అప్పుడు నవ్వుదువు" అన్నాను నేను.

ఒంట్లో వేడి అనుకున్నాను. మా వీధిలో ఎవరికి మూత్రం మంటగా ఉన్నా నా దగ్గరికే వస్తారు. నేను చదివింది రెండో తరగతే, కానీ నా మాట కాదన్నవాళ్లు లేరు. వేడి దిగుతుందని ఆయన రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లకు రోజూ సున్నం రాశాను. బార్లీ నీళ్లు తాగించాను. ఒక వారం కాస్త తేలికపడేది, నేను తల ఎగరేసుకుని తిరిగేదాన్ని. మళ్లీ మామూలే. అలా ఎనిమిది నెలలు.

ఒకరోజు పంచె ఉతుకుతుంటే ఎర్రటి మరక కనబడింది.

"ఎన్నాళ్లనించి ఇది?"

"వారం ఉండాదేమోలే."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఇంకొంచెం సున్నం రాస్తావు, అంతేగదా" అన్నాడు.

తిరువళ్లూరులో ఉన్న మా కూతురు శోభన అక్కడి ఆస్పత్రిలో చూపించింది. డాక్టరు చిన్నవాడు, సగం అరవం, సగం తెలుగు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. మూత్రసంచి కింద మగవాళ్లకు ఒక చిన్న గ్రంథి ఉంటుందట. వయసుతో అది ఊరికే ఉబ్బవచ్చు, దానిలో కాన్సరూ రావచ్చు. బాధను బట్టి ఏదని తేల్చలేరట. ఆ గ్రంథి ఎలా ఉందో చెప్పే రక్తపరీక్షలో నాలుగు లోపు ఉండాల్సిన లెక్క ఈయనకు ముప్పైనాలుగు. సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు "పదికి ఎనిమిది" అన్నాడు.

"ఎనిమిదంటే మంచి మార్కేగదయ్యా" అన్నాను నేను.

డాక్టరు నవ్వలేదు, అరవంలో అవ్వా అని పిలుస్తూ చెప్పాడు. "లేదు పాటీ. దీనిలో మార్కు ఎక్కువైతే కాన్సరు గట్టిదని అర్థం. ఎముకలకు పాకిందా లేదా చూడాల. పాకలేదంటే రేడియేషన్ కరెంటు పెట్టి నయం చేసేదానికి చూస్తాం. పాకిందంటే అణిచిపెట్టగలం, తీసెయ్యలేం. ఏదైనా మూడు నెలలకొక సూది మాత్రం తప్పదు. మగవాళ్ల హార్మోనే దీనికి మేత. ఆ మేత ఆపాల."

మా ఆయన నేల చూపులు చూస్తూ అడిగాడు. "ఆ సూదికి మీసం ఊడిపోతుందా సారూ?"

"మీసం పెట్టుకుని ఇంక యాడికి పెళ్లికి పోతావు" అన్నాను. శోభన నా చెయ్యి గట్టిగా నొక్కింది. లోపల నాకూ భయమే. నోరు ఊరుకోదు, అంతే.

మద్రాసులో ఎముకల స్కాన్ తీశారు. రిపోర్టు చెప్పడానికి తిరువళ్లూరు డాక్టరు శుక్రవారం రమ్మన్నాడు. మధ్యలో మూడు రోజులు. ఆయన నడుం పట్టుకుంటే నాకు దిగులు పట్టుకునేది. అది మామూలు నొప్పా, ఎముకలోకి దిగిందా? "ఎక్కడ నొప్పి? ఇంతకుముందు లేదా?" అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. "కావడులు కట్టి కూర్చున్న నడుమే, ఊరుకో" అనేవాడు. ఇంట్లో సున్నం డబ్బా కనబడకుండా అటక మీద పెట్టాను.

శుక్రవారం ఆయన్ని బయట కూర్చోబెట్టి, నేను ముందు లోపలికి వెళ్లాను.

"అయ్యా, రిపోర్టు చెప్పేముందు ఒక మాట. వేడి అని నేనే ఎనిమిది నెలలు ఆపినాను. దానివల్లే పాకిందా?"

ఇన్నేళ్లలో ఎవరి ముందూ తప్పొప్పుకోలేదు నేను.

డాక్టరు రిపోర్టు తిరగేశాడు. "మీ సున్నం వల్ల కాన్సరు రాలేదు పాటీ. కానీ ముందే వచ్చుండాల, అది నిజం." అప్పుడు తలెత్తాడు. "ఎముకల్లో ఏమీ లేదు. కూర్చోండి."

కూర్చోలేదు. బయటికి వెళ్లి ఆయనతో చెప్పాను. ఆయన మీసం సవరించుకున్నాడు. ఆ రోజే మొదటి సూది వేశారు. కరెంటుకు తేదీ ఇచ్చారు. మూడు నెలలకు మళ్లీ రక్తం చూసి లెక్క తగ్గిందో లేదో చెబుతామన్నారు. అంటే మూడు నెలలు మళ్లీ ఈ గుబులే.

సాయంత్రం తిరువళ్లూరు స్టేషన్లో తిరుత్తణి రైలు కూత వినబడగానే ఆయన ముఖం మాడ్చుకుని లేచాడు.

"నువ్వెక్కు. నేను మళ్లీ ఒంటికి పోవాల."

"పొయ్యిరా, తొందరేం లేదు" అన్నాను.

రైలు వచ్చి, నిలిచి, వెళ్లిపోయింది. నేను సంచి ఒళ్లో పెట్టుకుని ఆయన వెళ్లిన దిక్కే చూస్తూ కూర్చున్నాను.