తెలియని వీధుల్లో మేమిద్దరం

మా అమ్మాయి ఆరో తరగతి చదివే రోజుల్లో మేమిద్దరం ఒక ఆట మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక నేను స్కూటర్ బయటికి తీసేవాణ్ణి. తను వెనక ఎక్కి కూర్చునేది. ఎక్కడికి వెళ్తామో ఇద్దరికీ తెలియదు. ఎడమ భుజం మీద తడితే ఎడమకి తిప్పాలి, కుడి భుజం మీద తడితే కుడికి. వీపు మీద చరిస్తే ఆపాలి. ఎందుకని నేను అడగకూడదు. అంతవరకు చూడని వీధి ఒక్కటైనా చూడనిదే ఇంటికి తిరగకూడదు. ఈ నియమాలన్నీ తను పెట్టినవే.

మేముండేది మల్కాపురంలో. నేను పోర్టులో క్రేన్ నడుపుతాను. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళికి ముందే ఈ ఊరు వచ్చేశాను కాబట్టి విశాఖపట్నమంతా నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. క్రేన్ మీద నుంచి రోజూ చూసే ఊరే కదా. ఆ ఇళ్ళ మధ్య ఎన్ని సందులున్నాయో మా అమ్మాయి భుజం తడితేగానీ తెలిసిరాలేదు. జ్ఞానాపురంలో ఒక అరుగు మీద పాత హార్మోనియంలు విప్పి పరుచుకుని కూర్చునే ముసలాయన్ని చూశాం. కంచరపాలెంలో ఒక వీధి పోయి పోయి మెట్లుగా మారిపోయింది. స్కూటర్ కింద వదిలేసి ఎక్కాం. పైన ఏమీ లేదు, ఎవరో ఆరేసిన దుప్పట్లు తప్ప. అయినా మా అమ్మాయి, "భలేగుంది నాన్నా" అంది.

ఒకసారి గోపాలపట్నం వైపు ఒక ఇంటి ముందు వీపు మీద చరిచింది. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. స్కూటర్ ఆగిందో లేదో లోపల్నుంచి ఒక పెద్దావిడ గబగబా వచ్చేసింది.

"ఓలమ్మ, ఇప్పటికొచ్చినారా! రండి, రండి. పెల్లికొడుకు రానేదేటి?"

మమ్మల్ని పిల్లని చూసుకోడానికి వచ్చినవాళ్ళనుకుంది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి ఎంతో బుద్ధిగా, "ఎనకాల బస్సులో వొత్తన్నాడు మామ్మా" అనేసింది. ఆవిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టి పనసతొనలు పెట్టింది. అసలువాళ్ళు ఆటో దిగుతుంటే మేము చెప్పులేసుకుని పరుగు. ఇంటికొచ్చే దారి పొడుగునా నా వీపుకి తల ఆనించి ఒకటే నవ్వు. ఆ నవ్వు వెన్నెముకలోకి దిగింది నాకు.

పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఇంటర్‌కి ద్వారకా నగర్‌లో ఒక కాలేజీలో చేర్చాం. కోచింగ్ కూడా అందులోనే. అక్కడ చేరతానని తనే అడిగింది, స్నేహితులు ముగ్గురు చేరారని. తెల్లారేసరికి బస్సుకి వెళ్ళేది, దీపాలు పెట్టాక వచ్చేది. ఆదివారాలు పరీక్షలు. స్కూటర్ మీద ఆట ఎప్పుడు ఆగిందో చెప్పమంటే చెప్పలేను. దానికి చివరి రోజంటూ లేదు. ఒక వారం వెళ్ళలేదు, ఆపై వారమూ వెళ్ళలేదు, అంతే.

కొన్నాళ్ళకి అన్నం సగంలో లేచిపోవడం మొదలైంది. అడిగితే, "నిద్దరొత్తంది" అనేది. జడ వేయించుకునేటప్పుడు వాళ్ళమ్మతో చెప్పే కబుర్లు ఆగిపోయాయి. చదువుకునే పిల్ల, అలసిపోతోంది అనుకున్నాం. అందరి ఇళ్ళలోనూ అలాగే ఉంటుందని మా క్రేన్ల దగ్గర తోటివాళ్ళు కూడా చెప్పారు.

ఒక మధ్యాహ్నం క్రేన్ దిగి టీకి వెళ్తూ ఫోన్ చూసుకుంటే కాలేజీ నుంచి ఫోన్ వచ్చి ఉంది. తిరిగి చేశాను. ఒకావిడ మర్యాదగానే మాట్లాడింది.

"అమ్మాయికి జ్వరం తగ్గిందాండీ? రెండు వారాలు దాటింది, ఎప్పటినుంచి పంపిస్తారో కనుక్కుందామని చేశాను."

ఏం చెప్పానో గుర్తులేదు. పక్కనున్న అతను నా మొహం చూసి, "ఏటయింది బావా?" అన్నాడు. సెలవు పెట్టి స్కూటర్ తీశాను. మా ఆవిడకి ఫోన్ చేస్తే, పొద్దున్నే బాక్స్ పట్టుకుని వెళ్ళిందని చెప్పింది. జ్వరమని మెసేజ్ వాళ్ళమ్మ ఫోన్ నుంచి తనే పంపిందని తర్వాత చూసుకున్నాం.

ఎక్కడ వెతకాలి? నాకు ఒకటే తోచింది. పిల్ల చదువు ఎగ్గొట్టి వీధులు తిరుగుతోంది, మేమిద్దరం తిరిగిన వీధులే తిరుగుతోంది అనుకున్నాను. కోపం వచ్చింది. కోపం కిందుగా ఒక చిన్న గర్వం లాంటిది కూడా ఉంది, అబద్ధం ఎందుకు? జ్ఞానాపురం వెళ్ళాను. అరుగు మీద హార్మోనియంల ముసలాయన లేడు, అరుగూ లేదు, అక్కడ మొబైల్ షాపు వెలిసింది. కంచరపాలెం మెట్లెక్కాను. అప్పుడు దుప్పట్లు ఆరేసిన చోట ఎవరూ లేరు. బీచ్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. యూనిఫాంలో కనబడిన ప్రతి పిల్ల దగ్గరా స్కూటర్ నెమ్మది చేస్తుంటే వాళ్ళు భయపడి దూరం జరిగిపోయారు.

దీపాలు పెట్టే వేళకి, రోజూ వచ్చినట్టే, బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుంది. మా ఆవిడ ఏడుస్తూ వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఎక్కడెక్కడ తిరిగినావు తల్లీ ఇన్నాళ్ళూ?"

తనకి అర్థమైపోయింది. దాచాలని చూడలేదు.

"ఎక్కడా తిరగనేదు నాన్నా."

"మరి?"

"కాంప్లెక్స్‌లో కూకున్నాను. కాలేజీ గేటు కాడికెల్తే ఊపిరి ఆడతన్నట్టుండదు. ఎనక్కొచ్చి కాంప్లెక్స్‌లో కూకుంటన్నాను."

"రోజంతానా?"

"ఊఁ. బెంచీ మీద. బాక్స్ అక్కడే తినేత్తన్నాను."

మా ఊళ్ళో బస్ కాంప్లెక్స్ అంటే శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం, నర్సీపట్నం, పాడేరు, ఏ ఊరికైనా అక్కడి నుంచే బస్సు. దిక్కుకొక బోర్డు. కొత్త వీధి చూడనిదే ఇల్లు చేరనన్న పిల్ల వాటన్నిటి మధ్యా కూర్చుని ఉంది.

"ఒక్క బస్సయినా ఎక్కనేదా?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు. ఎక్కానని చెబితే బాగుండుననిపించింది.

"ఎక్కి ఎక్కడికెల్తాను నాన్నా?" అంది.

పిల్లలు తప్పించుకు తిరిగితే కొడతారు, తిడతారు, కాపలా కాస్తారు. దానికి ఒక దారి ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళాలని లేని పిల్లని ఏం చేస్తారో నాకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇది జబ్బే, బద్ధకం కాదన్నాడు. మందులు రాసి, "పెద్దవేవీ అడక్కండి. చిన్న చిన్నవి చేయించండి. కాసేపు బయటికి తీసుకెళ్ళండి" అన్నాడు. బయటికి తీసుకెళ్ళడమంటే మాకు తెలిసిన పనే కదా అని నాకు ఆ రోజు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారమే స్కూటర్ తుడిచి సిద్ధం చేశాను. రమ్మంటే వచ్చింది. ఎక్కి కూర్చుంది. వీధి చివరికి వచ్చాక వేగం తగ్గించి భుజాలు వదులు చేసి కూర్చున్నాను. తట్టలేదు. తిన్నగా పోనిచ్చాను. మళ్ళీ కూడలి. తట్టలేదు. మళ్ళీ తిన్నగానే. అలా తిన్నగా పోతూ, పోతూ, రోడ్డు రెండుగా చీలిన చోట ఆపేశాను. వెనక లారీ హారన్ మోగిస్తోంది.

"ఎటు తల్లీ?"

"ఏదైనా ఒకటే నాన్నా."

తల తిప్పి చూశాను. తన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, అరచేతులు పైకి తిరిగి. లారీవాడు పక్కకొచ్చి తిట్టి వెళ్ళాడు. హెల్మెట్ లోపల నా కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

మా ఆవిడ సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. జనం తక్కువుండే రోజు చూసుకుని, పొద్దున్నే ముగ్గురం కొండ మీదికి బస్సెక్కాం. కొండ దారిలో మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది. చూస్తోంది అని మా ఆవిడ నా చెయ్యి నొక్కింది. గుడి దగ్గర దిగి సంపెంగ పూలు కొన్నాం. తను తలలో పెట్టనిచ్చింది. ఆ కాసేపు మేము మామూలు కుటుంబంలా నడిచాం.

క్యూలో ఇనుప కడ్డీల మధ్యకి వచ్చాక ఆగిపోయింది. కడ్డీ పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఇంకొక్క మలుపే అమ్మా. అదిగో, గంట ఇనబడతన్నాది" అంది మా ఆవిడ.

"నాను రాలేను."

"నానున్నాను కదా, పట్టుకో."

"అమ్మా, నాను రాలేనే. ఊపిరి ఆడ్డంనేదు."

చెమటలు కారిపోతున్నాయి. వెనకవాళ్ళు ముందుకి తోసుకుంటున్నారు. పిల్లకి ఏమైందని ఒకరు, గాలి ఆడనివ్వండని ఇంకొకరు. ఇక లాభం లేదని కడ్డీ కిందుగా వంగి తనని బయటికి తీసుకొచ్చాను. ఒక దుకాణం నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించాం. మా ఆవిడ పక్కనే నేల మీద కూలబడింది. ఆమె ఒళ్ళో కొబ్బరికాయ కొట్టకుండానే ఉండిపోయింది.

"గుమ్మం దాకా వొచ్చి ఎనక్కి తిరిగిపోతన్నాం. ఆయన కూడా వొద్దనేసినాడండీ" అంది నాతో, పిల్ల వింటుందన్న ఎరుక లేకుండా.

"సారీ అమ్మా" అంది మా అమ్మాయి.

ఈ మాటొకటి అలవాటైంది తనకి. కంచంలో అన్నం మిగిలితే సారీ, గ్లాసు చేజారితే సారీ, మేము గదిలోకి వెళ్ళినందుకు సారీ. మా ఇంట్లో ఇదివరకెప్పుడూ వాడని మాట.

ఆ తర్వాత మేము వెళ్ళే దూరం తగ్గుతూ వచ్చింది. ముందు బజారు దాకా వెళ్ళేవాళ్ళం. తర్వాత వీధి చివర పాలబూత్ వరకు. తర్వాత గేటు. చిన్న చిన్నవి అన్నాడు కదా డాక్టరు, అంతకంటే చిన్నవి ఏముంటాయో వెతుక్కుంటున్నాం. ఇప్పుడు నేను చూసి తెలుసుకునే కొత్త సంగతులన్నీ ఆ ఒక్క గదిలోవే. కుక్కర్ చప్పుడుకి తను దుప్పటి మొహం మీదికి లాక్కుంటుంది. పెరుగన్నం అయితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. కిటికీ తెరిస్తే అభ్యంతరం చెప్పదు గానీ మేము వెళ్ళాక మూసేస్తుంది. వాళ్ళమ్మ తల దువ్వుతున్నప్పుడు మాత్రం కాసేపు కళ్ళు మూసుకుంటుంది, అది హాయో, ఓర్పో మాకు తెలియదు.

తనతో చేరిన పిల్లలు మొదటి సంవత్సరం పరీక్షలు రాసేశారు. ఒక పిల్ల చాక్లెట్లు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ పిల్ల కాలేజీ కబుర్లు చెప్పింది, చెప్పి చెప్పి ఆగిపోయింది. వెళ్తూ గుమ్మంలో, "అంకుల్, అది నాతో మునపటిలా మాటాడదేటి?" అని ఏడ్చింది. ఆ పిల్లకి నేను ఏదో చెప్పి పంపించాను. మందులు మార్చారు, మోతాదు పెంచారు. డాక్టరు ఓపిక పట్టమంటున్నాడు. పడుతున్నాం. ఓపిక అంటే ఏదైనా వస్తుందని ఎదురుచూడటం అనుకునేవాణ్ణి. మేము పడుతున్నది అది కాదు.

మొన్న ఆదివారం మా ఆవిడ నన్ను ఇంట్లోంచి గెంటినంత పని చేసింది, కాస్త గాలి పీల్చుకు రమ్మని. ఒక్కణ్ణే స్కూటర్ మీద వెళ్ళాను. మర్రిపాలెం దగ్గర నేనెప్పుడూ చూడని సందు ఒకటి కనబడింది. లోపలికి వెళ్ళాను. ఒక మేడ మీద ఎవరో గాలిపటాలకి బదులు పాత ఎక్స్‌రే ఫిల్ములు దారానికి కట్టి ఎగరేస్తున్నారు. ఎవరివో పక్కటెముకలు ఆకాశంలో ఊగుతున్నాయి. పిల్లలు కింద నుంచి అరుస్తున్నారు.

తిరిగొచ్చి, కిటికీ మూసి ఉన్న తన గదిలో లైటు వేసి, మంచం పక్కన కూర్చుని అదంతా చెప్పాను. తను గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మధ్యలో కావాలనే ఆగాను. తర్వాత ఏమైందని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. మిగిలింది కూడా చెప్పేశాను. సందు ఎక్కడ మొదలవుతుందో, ఏ కిళ్ళీకొట్టు పక్కనుంచి తిరగాలో కూడా చెప్పాను.

కాసేపయ్యాక, "నాన్నా" అంది.

"ఏటి తల్లీ?"

"లైటు ఆపేత్తావా?"

ఆపేశాను. బయట ఇంకా ఎండ ఉంది.