తేలే స్కీలు, అడగని మాట

ఆ స్కీలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కోపం వాటి మీదా, కట్టుకున్నాయన మీదా, నా మీదా అంటే, అన్నిటి మీదానూ.

లాక్‌డౌన్ చలికాలం. మేముండేది బవేరియాలో, కొండల కింద ఒక చిన్న ఊళ్ళో. కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టులు మూసేశారు. పాప బడి మూసేశారు. మా ఆయన ఆఫీసు వంటింటి బల్ల మీదికి వచ్చి కూర్చుంది. మూడేళ్ళుగా ఆఫీసువాళ్ళతో స్కీయింగ్ నేర్చుకున్న మహానుభావుడు, లిఫ్టు లేకపోతేనేం, నడిచి ఎక్కుతానన్నాడు. ఎవరో వాడేసి అమ్ముతున్న స్కీలు కొనుక్కొచ్చాడు. అమ్మినాయన మాస్కు పెట్టుకుని వాటిని గుమ్మం బయట ఆనించి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడట.

మామూలు స్కీ కాలి కింద నాలుగు వేళ్ళ వెడల్పుంటే, ఇవి ఆరు వేళ్ళున్నాయి. ముందూ వెనకా కొసలు పైకి లేచి, నేల మీద పెడితే మధ్యభాగం మాత్రమే ఆనుతుంది. దాన్ని రాకర్ అంటారట. నేను తాలింపు వేస్తుంటే వెనక నిలబడి ఒకటే ఉపన్యాసం.

"వెడల్పుంటే బరువు పరుచుకుంటుందే. కొస పైకుంటే మంచులో గుచ్చుకోదు. ఎంత లోతు మంచైనా సరే, తేలుతుంది. పాదం కాస్త తిప్పితే చాలు, అదే తిరుగుతుంది."

"మరి గట్టి మంచు మీదో?"

"అక్కడ కొంచెం జారుద్దిలే. అంచు పట్టుకోవడం లేటు. ఇవి లోతు మంచుకే చేశారు."

ఇంటి వెనక వాలులో నేనూ ఎక్కి చూశాను. అబద్ధమెందుకు, తేలాయి. మెల్లగా కదిలినంతసేపు కాస్త దిగబడ్డాయి గానీ, వేగం అందగానే కొసలు వాటంతటవే పైకొచ్చాయి. మోకాలి లోతు మంచు మీద హాయిగా పోయాను. ఆగి, ఒక స్కీ విప్పి ఆ కాలు పక్కన పెట్టానో లేదో, తొడదాకా దిగబడ్డాను.

"కొండ మీద ఇది ఊడిపోతే ఏం చేస్తారండీ?" అన్నాను.

"ఊడదు," అని నవ్వాడు. అన్నీ తెలిసినాయనకి ఏం చెబుతాం!

మూడు రోజులు ఏకధాటిగా మంచు కురిసి, శనివారం పొద్దున తెరిపిచ్చింది. టీ కూడా సగం వదిలేసి స్కీలు భుజానేసుకున్నాడు. రెండో క్లాసు చదివే మా పాప గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "డాడీ, వోహిన్?" అంది. ఎక్కడికి అని. ఆయన చెప్పబోయాడు. నేను గరిటెతోనే హాల్లోకొచ్చాను.

"ష్, నోర్ముయ్! బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా?"

ఆ మాట అడిగినందుకే నా చిన్నప్పుడు మా నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. వెళ్ళిన పని కాదని, అపశకునమని. మా ఇళ్ళలో అడగాల్సి వస్తే "ఎందాకా" అనే అడుగుతాం. నేనూ అదే అడిగాను.

"ఇక్కడిదాకే. భోజనానికి వచ్చేస్తా."

"వెళ్ళిరండి," అన్నాను.

భోజనాల వేళ దాటింది. పప్పు చల్లారింది. మూడైంది. ఫోన్ కలవడం లేదు. రానీ, కాళ్ళు విరగ్గొడతాను అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే లెంపలేసుకున్నాను. నాలుగున్నరకి వెలుతురు తగ్గుతుంటే ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేశాను.

"ఏ కొండ మీదికి వెళ్ళారు?"

"తెలీదు."

"కారు ఎక్కడ పెట్టారు?"

"తెలీదు."

"వెళ్ళేటప్పుడు ఎక్కడికని మీరు అడగలేదా?"

ఫోన్‌లో అవతలాయన మర్యాదగానే అడిగాడు. నా దగ్గరున్న జవాబల్లా "ఇక్కడిదాకే" అన్న మాటే. దాన్ని ఏ జర్మన్‌లో చెప్పను? పక్కన నిలబడ్డ పాప నా చెయ్యి లాగింది.

"నేను అడిగాను కదా, మమ్మీ. నువ్వే నోర్ముయ్ అన్నావ్."

కొండల్లో వెతికే దళంవాళ్ళు లోయల్లో ఒక్కో పార్కింగూ చూసుకుంటూ వెళ్ళారు. మూడో లోయలో మా కారు కనిపించింది. అక్కణ్ణుంచి స్కీల జాడ పట్టుకుని పైకెళ్ళారు. దిగేటప్పుడు చెట్ల మధ్య పడ్డాడట. ఒక స్కీ ఊడి మంచు కిందికి పోయింది. గ్లవ్స్ తడిసి ముద్దయ్యేదాకా తవ్వినా దొరకలేదు. ఫోన్ చలికి చచ్చిపోయింది. ఏ మంచు మీద తేలుతూ అంత దూరం దిగాడో, అదే మంచులో నడుందాకా కూరుకుపోయి పాతికడుగులు వెయ్యలేకపోయాడు. వాళ్ళు చేరేసరికి ఏడైంది.

కరోనా రూల్సని ఆసుపత్రిలోకి నన్ను రానివ్వలేదు. మర్నాడు ఫోన్‌లో ఆయన మొదటి మాట: "స్కీల తప్పేం లేదే. నిజంగా తేలాయి."

"తేలాయండీ, తేలాయి! మునిగింది మీరు! ఎక్కడికి పోతున్నారో ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాను. చెప్పబోయిన మనిషి నోరు మూయించింది నేనే కదా. ఫోన్ పెట్టేసి కూర్చుని ఏడ్చాను. మంచుకి చచ్చుబడ్డ ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. వెతకడంలో పోయిన రెండు గంటలూ మిగిలుంటే ఆ వేళ్ళు దక్కేవేమో అన్నాడు డాక్టర్.

మిగిలిన ఒక్క స్కీ ఇంకా ఇంటి కింద కెల్లర్‌లోనే, సామాన్ల గదిలో ఉంది. పారెయ్యనివ్వడు.

ఇప్పుడు ఆయన బ్రెడ్డు తేవడానికి బయల్దేరినా సరే, పాప గుమ్మానికి అడ్డం నిలబడి "వోహిన్?" అంటుంది. ఏ కొట్టో, ఏ వీధో, ఎన్నింటికి వస్తాడో అన్నీ చెప్పాలి. నా నోటికి ఆ మాట ఇప్పటికీ రాదు. నాయనమ్మ దెబ్బ ఇంకా వీపు మీదే ఉంది. అందుకే పాప అడుగుతుంది, నేను ఆయన బూట్లు చేత పట్టుకుని నిలబడతాను. జవాబు విన్నాకే కింద పెడతాను.